పూల గచ్చు

మా ఆయన ఊళ్ళో సగం ఇళ్ళకు నేలలు పరిచినవాడు. మా ముందు గదికి మాత్రం మేం ఆ ఇంట్లో చేరిన నాటి సిమెంటు గచ్చే దిక్కు. పెచ్చులూడి, గుంటలు పడి, కుర్చీ ఎక్కడ వేసినా ఒక కాలు గాల్లోనే ఉండేది. నేను ఆ గదిలోనే బట్టలు సరిచేసి కుట్టి ఇచ్చేదాన్ని. మిషను ఊగకుండా కింద అట్టముక్క మడిచి పెట్టుకునేదాన్ని. ఈ గచ్చు సంగతేమిటని ఎప్పుడడిగినా "వచ్చే ఎండాకాలం చూద్దాం" అనేవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డ సామెతను మా అత్తయ్య అన్నం వడ్డించినప్పుడల్లా ఆయన కంచంలో వేసేది.

పనిలో అందరూ ఆయన్ని రసమట్టం అని పిలిచేవారు. నేల వాలు చూసే ఆ నీటిబుడగ గొట్టం సంచిలో ఉన్నా, దాన్ని బయటికి తీసే అవసరం ఆయనకు పెద్దగా వచ్చేది కాదు. గడపలో నిలబడి ఓ కన్ను మూసి చూశాడంటే నీళ్ళు ఎటు పారతాయో చెప్పేసేవాడు. అలాంటి మనిషి ఆ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని ఇంటికొచ్చాడు. మోకాళ్ళు రెండూ గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి. డాక్టరు వాటిని నొక్కి చూసి, ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసి, నడవొచ్చు, మెట్లు కూడా ఎక్కొచ్చు, మోకాళ్ళ మీద కూర్చునే పని మాత్రం ఇక మానుకోవాలని చెప్పాడు. ఎన్నాళ్ళు మానుకోవాలని నేనడిగాను. డాక్టరు తలెత్తకుండా మందుచీటీ రాస్తూ ఉండిపోయాడు. మాకు అర్థమైంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మర్నాడే మా గుమ్మం ముందు ఒక లారీ ఆగింది. ఆయన ఆఖరుగా చేసిన పని, పడగొడుతున్న ఒక పాత హోటల్లో పైఅంతస్తు నేల పెకలించడం. ఆ టైళ్ళన్నీ ఇప్పుడు మా ఇంటికొచ్చాయి. సున్నం గడ్డకట్టి మట్టిపెళ్ళల్లా ఉన్నవాటిని కూలివాళ్ళు వరండా నిండా పేర్చి వెళ్ళారు. ఆ తర్వాత ఇంట్లోకి రావాలంటే ఎవరైనా పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని రావాల్సిందే.

ఇవెందుకు తెప్పించారని అడిగాను. ఆయన గోడకేసి చూస్తూ, "పారేయడానికి చేతులు రాలేదు" అన్నాడు.

అత్తయ్యకు ఆ ఇబ్బందేమీ లేదు. ఎవరైనా బండి తెస్తే తానే ఎత్తి పోస్తానంది. మనిషి మంచాన పడితే చూడవచ్చినవాళ్ళు పళ్ళు తెస్తారు, వీడు తనకి తనే రాళ్ళు తెప్పించుకున్నాడని వీధిలో పోయేవాళ్ళకి కూడా చెప్పింది.

ఆయన కిటికీ పక్క కుర్చీలో కాళ్ళు పీట మీద చాపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మందులు వేసుకునేవాడు, పెట్టింది తినేవాడు, అడిగితే బదులిచ్చేవాడు. కోపం తెచ్చుకున్నా బాగుండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు నేలను చూసి తర్వాత మనుషుల్ని చూసే అలవాటున్న ఆయన, నేలకేసి చూడటమే మానేశాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా కిటికీలోంచి ఎదురింటి నీళ్ళట్యాంకు చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు మేస్త్రి వచ్చాడు. మా ఆయనకి పాతికేళ్ళుగా పనులు ఇస్తున్నవాడు, మంచివాడు, కొంచెం పెద్ద గొంతు. సిమెంటు గోదాములో గేటు దగ్గర కూర్చునే మనిషి వానాకాలం మొదలయ్యేసరికి పని మానేస్తున్నాడట. వచ్చే లారీల్నీ పోయే లారీల్నీ చూసుకోవడమే పని. మోకాళ్ళతో అవసరమే లేదు. "కూర్చునే పనన్నా. కుర్చీ కూడా వాళ్ళదే" అన్నాడు మేస్త్రి. మా ఆయన సరే చూద్దామన్నాడు. మేస్త్రి వెళ్ళాక, పనిముట్ల సంచి అటక మీద పెట్టేయమని నన్ను అడిగాడు. నేను స్టూలెక్కి పెట్టాను. దిగేటప్పుడు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

టైళ్ళ మీద చెయ్యి వేయాలని నేనేమీ అనుకోలేదు. ఒక కోటుకి లైనింగు వేస్తుంటే గుడ్డ జారిపోతూ ఉంది. బరువుకి ఏదో ఒకటి కావలసి వరండాలోంచి ఒక టైలు తెచ్చాను. సున్నం పొడి కోటు మీద రాలితే నాకు చీవాట్లు తప్పవు కనుక దాన్ని కుళాయి కింద పెట్టి పీచుతో తోమాను. తోముతున్న కొద్దీ లోపల్నించి రంగు పైకి తేలింది. మీగడ రంగు నేల మీద ముదురు ఆకుపచ్చ తీగ ఒకటి, ఒక మూల నుంచి బయల్దేరి వంపు తిరిగి ఎదుటి అంచుకి పోయి, అక్కడ ఠక్కున తెగిపోయింది. మూలలో ఇటుక రంగులో వృత్తానికి పావు ముక్క.

గళ్ళ చొక్కాకి జేబు కుట్టేటప్పుడు జేబు మీది గీత, కింది గుడ్డ మీది గీత కలిసిపోయేలా పెట్టడం నా చేతికి అలవాటు. అందుకేనేమో, ఆ తెగిన తీగను చూడగానే ఇది అతుకు కోసం గీసిన బొమ్మ అని తెలిసిపోయింది. ఇంకో మూడు తెచ్చి కడిగాను. నాలుగింటినీ నాలుగు దిక్కులకు తిప్పి నేల మీద ఆనించాను. మధ్యలో ఎర్రటి వృత్తం పూర్తయింది. తీగలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినట్టు చుట్టూ విచ్చుకున్నాయి. కోటు సంగతి మరిచిపోయాను.

అత్తయ్య అటుగా వచ్చి నిలబడింది. కాసేపటికి పక్కనే కూలబడి ఆ తీగ మీద వేలు పెట్టి నడిపించింది. ఆవిడ పెళ్ళికి ముందు ఆ హోటల్లోనే దుప్పట్లు ఇస్త్రీ చేసేదట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. బహుశా కొడుక్కీ తెలియదు.

"మమ్మల్ని వెనక మెట్ల మీంచే రానిచ్చేవాళ్ళు" అంది అత్తయ్య. "దుప్పట్లు గుమ్మం బయట ఇచ్చేసి వెనక్కి తిరిగేవాళ్ళం. లోపల నేల ఇలా ఉందన్నమాట."

ఆ మధ్యాహ్నం నుంచి మేమిద్దరం ఎడమొహం పెడమొహం లేకుండా ఒక పని మీద కూర్చోవడం మొదలైంది. పెరట్లో తొట్టి పెట్టుకుని, పీచుతో, ఇసకతో, పాత కత్తితో సున్నం గీకి గీకి కడిగేవాళ్ళం. చేతులు గరుకెక్కి నేను పట్టుకున్న సిల్కు గుడ్డలకు పోగులు లేచేవి. కడిగినవి నాలుగు రకాలుగా తేలాయి. తీగవి కొన్ని, ఎనిమిది రేకుల నక్షత్రం ఉన్నవి కొన్ని, చూస్తే మెట్లమెట్లుగా పైకి లేచినట్టు కనిపించే గళ్ళవి కొన్ని, ఏ బొమ్మా లేని మీగడ రంగువి మరికొన్ని. పాత హోటల్లో ఒక్కో గదికి ఒక్కో రకం వేసినట్టున్నారు.

కిటికీ దగ్గర్నించి ఆయన అప్పుడు నోరు విప్పాడు. ఏ ఒక్క రకమూ గదికి చాలదన్నాడు. అరకొర సరుకట. ఈ మాట అనడానికి ఆయన నేలకేసి చూడాల్సి వచ్చిందని నేను గమనించాను.

"చాలని గుడ్డలతోనే కదండీ బొంత కుట్టేది" అన్నాను.

అనడమైతే అన్నాను గానీ, ముక్కలు కలపడం అంత తేలిక కాలేదు. నక్షత్రాల పక్కన తీగలు పెడితే రెండూ పోట్లాడుకున్నాయి. గళ్ళు మధ్యలో పెడితే గదిలో ఎవరో మెట్లు కట్టినట్టయింది, అత్తయ్య నిజంగానే కాలెత్తి వేసింది. ఎక్కడ చూసినా ఏదో ఒకటి గొంతు పెంచి మాట్లాడుతున్నట్టుండేది. అప్పుడు నేను వీధిలో చూస్తూ నడవడం నేర్చుకున్నాను. దారాలకూ గుండీలకూ రోజూ పోయే వీధే. బ్యాంకు పాత భవనంలో లిఫ్టు తలుపుకి ఇత్తడి చట్రం ఉందనీ, దాని మీద గోధుమ కంకుల్లాంటి గీతలున్నాయనీ అంతకుముందు నాకు తెలియదు. మందుల కొట్టు పైన బాల్కనీకి ఇనప పువ్వులున్నాయి. నేను గుండీలు వేసుకునే పాత బిస్కెట్ల డబ్బా మూత మీద అంచు చుట్టూ అల్లిక ఉంది, నాలుగు మూలల దగ్గరా అది మలుపు తిరగకుండా ఆగిపోయి, ఒక చిన్న చుక్క పెట్టి మళ్ళీ మొదలవుతుంది. ఇంతకాలం ఆ మూత తీశాను, పెట్టాను, చూడలేదు. అత్తయ్య పెట్టె అడుగున దాచుకున్న తన పడుచునాటి గౌను తీసి చూపించింది. దాని కింది అంచుకి మూడు రకాల లేసులున్నాయి. ఏ రెండూ ఒకదానికొకటి తగలవు, మధ్యలో వేలెడు ఖాళీ గుడ్డ.

ఆ వేలెడు ఖాళీ దగ్గరే నాకు దారి దొరికింది. మీగడ రంగు టైళ్ళు ఎందుకున్నాయో అర్థమైంది. నక్షత్రాలకీ తీగలకీ మధ్య వాటిని ఒక వరస పోనిస్తే రెండూ నోరు మూసుకుని వాటి వాటి చోట్ల కూర్చున్నాయి.

బట్టల మీద గీసే సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీసుకుని, కింద సిమెంటు లేకుండా టైళ్ళు వట్టివే పేర్చడం మొదలుపెట్టాను. మధ్యలో నక్షత్రాలు, చుట్టూ ఖాళీ వరస, తర్వాత తీగలు, గోడల వెంట గళ్ళు. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉండేవాడు. ఒకరోజు కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి కిటికీ వైపు మూలలో ఒక తీగ టైలు తిరగబడి ఉంది. నేను పెట్టినప్పుడు తీగ గోడలోకి పోతూ ఉండేది, ఇప్పుడది గదిలోకి వస్తోంది. ఆయన చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది, దాని కొసకి సుద్దపొడి అంటి ఉంది. ఆయన మాత్రం గాఢంగా నిద్రపోతున్నాడు.

తిప్పింది బాగానే ఉంది కనుక అలాగే ఉంచి, గుమ్మం దగ్గర రెండు మార్చాను. సాయంత్రానికి వాటిలో ఒకటి మళ్ళీ మారింది. అలా కొన్నాళ్ళు సాగింది. ఆయన కర్రతో నెట్టడం, నేను చేత్తో సర్దడం, ఒక్క మాట లేదు. అత్తయ్య మధ్యలో కూర్చుని చదరంగం చూస్తున్నట్టు ఇటొకసారి అటొకసారి చూసేది. ఒకసారి ఆయన నెట్టిన టైలును నేను నాలుగుసార్లు వెనక్కి నెట్టాక, "ఒరే, దాని మాట విను, అక్కడ ముందున్నదే బాగుంది" అని తీర్పిచ్చింది. మా పెళ్ళయ్యాక ఆవిడ నా వైపు మాట్లాడటం నాకు తెలిసి అదే మొదలు. ఆయన కళ్ళు తెరవకుండానే కర్ర పక్కన పెట్టేశాడు.

పేర్చడం పూర్తయ్యాక, వీటిని నేనే వేస్తానన్నాను.

"ఇది గుడ్డ కాదు, తప్పు కుడితే విప్పుకోవడానికి" అన్నాడు.

"మీరున్నారుగా, తప్పు కుట్టకుండా చూడటానికి."

అటక మీంచి సంచి దించాను. పాత గచ్చు గరుకు చేస్తేగాని కొత్త సిమెంటు మాలు పట్టదన్నాడు. ఉలి పెట్టి కొడుతుంటే సిమెంటు పెచ్చులు నా జుట్టులోకి ఎగిరేవి, అత్తయ్య చేటతో ఎత్తి పోసేది. మొదటిసారి నేను కలిపిన మాలు చూసి ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని పక్కింటావిడ కూడా గోడ మీంచి తొంగి చూసింది. అది జావ కాదని, ముద్ద చేసి వదిలితే చేతి గుర్తులు నిలవాలని చెప్పాడు. టైలును ముందు నీళ్ళలో నానబెట్టమన్నాడు, బుడగలు రావడం ఆగేదాకా. గది మధ్యలోంచి అటూ ఇటూ దారం బిగించి కట్టించాడు. టైలును మాలు మీద ఆనించి రబ్బరు సుత్తితో నెమ్మదిగా తట్టి, చప్పుడు వినమన్నాడు. కింద నిండుగా ఉంటే ఒక చప్పుడు, డొల్లగా ఉంటే ఇంకొక చప్పుడు. నాకు రెండూ ఒకటే అనిపించేవి.

మొదటిరోజు ఒక్క వరస పడింది. సాయంత్రానికి నా మోకాళ్ళు మంటెత్తాయి. నా పక్కన కుర్చీలో రెండు మోకాళ్ళున్నాయి కదా, వాటిని చూస్తే భయం వేసింది. కోట్ల భుజాల్లో పెట్టే మెత్తటి ప్యాడ్లు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిని పొరలు పొరలుగా పెట్టి, పైన మందపాటి గుడ్డ కుట్టి, వెనక కట్టుకోవడానికి పట్టీలు పెట్టాను. మర్నాడు అవి కట్టుకుని కూర్చుంటే పరుపు మీద కూర్చున్నట్టుంది. ఆయన ఒకటి అడిగి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశాడు. అటు తిప్పి ఇటు తిప్పి నా చేతికిచ్చాడు.

"ఇన్నేళ్ళూ మనింట్లో మిషనుంది" అన్నాడు. అంతే అన్నాడు. నేను ఆ రోజంతా ఆయన వైపు చూడకుండా పనిచేశాను.

మా ఇద్దరికీ గొడవ కూడా అయింది. నక్షత్రాల వరసలో ఒక టైలు దగ్గర తట్టి ముందుకి జరగబోతుంటే "అది డొల్ల, తీసెయ్" అన్నాడు కుర్చీలోంచి. అప్పటికే అదే వరసలో రెండు తీయించాడు. అక్కడ కూర్చున్న మీకు కనిపిస్తోందా అని అడిగాను. వినిపిస్తోందన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాకు మొగుడి మీద వచ్చిన కోపం మాలు తట్ట మీదికి పోయింది. అది దొర్లుకుంటూ పోయి గుమ్మానికి తగిలింది. నేను లేచి చేతులు కడుక్కుని, లోపలి గదిలో ఎవరిదో పంట్లాం అంచు కుడుతూ కూర్చున్నాను. అంచు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను. అదీ నచ్చక మళ్ళీ విప్పుతుంటే, నేను రోజూ చేసే పని ఇదే కదా, ఇందులో ఎవరి మీదా కోపం తెచ్చుకోను కదా అనిపించింది.

తిరిగి వచ్చేసరికి ఆయన కుర్చీలో లేడు. కాళ్ళు రెండూ ముందుకి చాపుకుని, పీట మీద ఒరిగి కూర్చుని ఉన్నాడు. తట్టలో మిగిలిన మాలును ఒక చేత్తో కలుపుతూ, ఆ టైలు చుట్టూ చెంబుతో నీళ్ళు చిలకరిస్తున్నాడు.

"ఎండితే మరి రాదు. తడిపి ఉంచాను" అన్నాడు.

టైలు తీసి చూస్తే కింద అరచేతంత ఖాళీ ఉంది. నింపి మళ్ళీ వేశాను. తట్టాను. ఈసారి చప్పుడులో తేడా నాకే తెలిసింది. ఆయన నా మొహం చూసి తలూపాడు.

గది పూర్తయ్యేసరికి ఎండలు బాగా ముదిరాయి. తడిగుడ్డతో ఆఖరి పొడి తుడిచేశాక ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. మధ్యాహ్నం వెలుగు కిటికీలోంచి ఏటవాలుగా పడి, తీగలు నీళ్ళ కింద ఉన్నట్టు మెరిశాయి. అత్తయ్య తన కుర్చీ తెచ్చుకుని సరిగ్గా నడిమి నక్షత్రం మీద వేసుకుని కూర్చుంది. అటూ ఇటూ ఊగి చూసింది. కుర్చీ కదలలేదు. ఇక ఆ చోటు తనదేనంది. మేం కాదనలేదు.

కొన్నాళ్ళకి లైబ్రేరియన్ మేడం గౌను అంచు కిందికి దించుకోవడానికి వచ్చింది. ఎత్తుగా, నెమ్మదిగా ఉండే మనిషి, నా దగ్గర ఎప్పటినుంచో కుట్టించుకుంటోంది. అంచు కొలవాలంటే మనిషి నిటారుగా నిలబడాలి, నేను చుట్టూ తిరుగుతూ గుండుసూదులు గుచ్చాలి. ఆవిడేమో పదేపదే కిందికి వంగి చూస్తోంది. నిలబడండి మేడం, అంచు వంకర పోతుందని చెప్పాను. ఆవిడ నిలబడింది గానీ కళ్ళు నేల మీదే ఉన్నాయి. లైబ్రరీ చదువుకునే హాల్లో కూడా ఇలాంటి పాత నేలే ఉందట. గోడలో పైపు పగిలి, పెద్ద బల్ల పక్కన ఒక ముక్కంతా పాడైపోయింది. అలాంటి పని చేసేవాళ్ళు ఇప్పుడు లేరని, మొత్తం తవ్వి తెల్లటి మెరుపు టైళ్ళు వేయిద్దామని పైవాళ్ళు అంటున్నారు. ఆవిడకి మనసొప్పడం లేదు. కిటికీ వైపు తిరిగి, మీరు వచ్చి ఆ ఒక్క ముక్క బాగుచేయగలరా అని మా ఆయన్ని అడిగింది.

"చూసి చెప్తాను. వేసేది ఆమె" అన్నాడాయన, మంచినీళ్ళ చెంబు ఇటివ్వు అన్నంత మామూలుగా.

నా నోట్లో గుండుసూదులున్నాయి. అంచు మిగతా సగం గుచ్చుతూ పోయాను. ఆ గౌను అంచు చాలా తిన్నగా వచ్చింది.

మొదటి వాన పడిన రోజు మేస్త్రి గొడుగు దులుపుకుంటూ వచ్చాడు, గోదాముకి తీసుకెళ్ళడానికి. గడపలోనే ఆగిపోయాడు. చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి, జేబులోంచి నాణెం తీసి వంగి ఒక్కో టైలూ తట్టుకుంటూ గదంతా తిరిగాడు. ఆఖరికి మిషను కింద మూలలో ఒకటి పట్టుకున్నాడు.

"ఇది డొల్లన్నా" అన్నాడు.

"అది నా ఖాతాలో వేసుకో. ఆ రోజు జలుబు చేసి చెవులు సరిగ్గా లేవు" అన్నాడు మా ఆయన. తర్వాత, గోదాముకి వేరే ఎవర్నైనా చూడమని, లైబ్రరీలో మాకు పని పడిందని చెప్పాడు.

మేస్త్రి నా వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఉన్నమాట అన్నాడు. ఆడమనిషి నేల మీద కూర్చుని పనిచేస్తుంటే మొగుడు కుర్చీలో కూర్చుని చెప్పడం చూస్తే నలుగురూ నవ్వుతారన్నాడు.

"నవ్వనీ. నవ్వేటప్పుడు వంగి కిందికి చూస్తారుగా" అన్నాడు మా ఆయన.

మేస్త్రి కూడా నవ్వాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళ అల్లుడి ఇంట్లో ముందు వరండా ఉందని, ఊరికే చెబుతున్నానని చెప్పి వెళ్ళాడు.

లైబ్రరీకి వెళ్ళడం మొదలయ్యాక ఇల్లు తలకిందులైంది. కుట్టుపనికి వచ్చేవాళ్ళను అత్తయ్య చూసుకోవడం మొదలుపెట్టింది. కొలతలు తీసి, నడుము లావయిందని మొహం మీదే చెప్పి, వారం ఆగి రమ్మనేది. ఎవరూ నొచ్చుకోలేదు సరికదా, ఆవిడ మాటల కోసమే కొందరు చిరగని బట్టలు కూడా తెచ్చేవారు. పొద్దున్నే టిఫిను డబ్బాతో నేనూ, చేతికర్రతో ఆయనా బస్సెక్కేవాళ్ళం. పనిముట్ల సంచి ఎవరు మొయ్యాలన్నది రోజూ వాదనే.

లైబ్రరీ నేల మీద నీలిరంగు అల్లిక. దానికి సరిపడే టైలు ఎక్కడా దొరకదు. మా ఇంట్లో మిగిలిన నక్షత్రాలూ మీగడ రంగువీ ఉన్నాయి. వాటిని చుట్టుపక్కల రంగుల్లో కలిసిపోయేలా, ఎవరి కంటా పడకుండా వేయాలని ఆయన అన్నాడు. మంచి మరమ్మతు అంటే కనిపించనిదేనట. మోచెయ్యి చిరిగిన కోటుకి నేను ఎప్పుడూ వేరే రంగు తోలు ముక్క వేస్తాను, అది కనిపిస్తేనే కోటుకి అందం అన్నాను. రెండు రోజులు బస్సులో పోతూ వస్తూ ఇదే గొడవ. కండక్టరు కూడా తన అభిప్రాయం చెప్పాడు. చివరికి మీగడ రంగుతో చుట్టూ ఒక చట్రం కట్టి, లోపల నక్షత్రాలు వేశాం. పాత నేల మీద తివాచీ ముక్క పరిచినట్టు వచ్చింది. వేసేటప్పుడు ఆయన స్టూలు మీద కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు. తీసెయ్ అన్న మాట ఒక్కసారే అన్నాడు.

హాలు మళ్ళీ తెరిచే రోజున మాకు అక్కడ పనేమీ లేదు. అయినా వెళ్ళాం. ఇన్నేళ్ళలో తాను వేసిన నేల మీద మనుషులు నడవడం ఎప్పుడూ చూడలేదని ఆయన బస్సులో చెప్పాడు. ఎక్కడైనా పని కాగానే తలుపు దగ్గరికి వేసి వచ్చేసేవాళ్ళట, ఆ తర్వాత అది వేరేవాళ్ళ ఇల్లు.

గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాం. తలుపులు తీయగానే జనం వచ్చారు. గొడుగులు మూలన పెట్టి, పేపర్ల కోసం, మంచి కుర్చీల కోసం హడావిడిగా పోయారు. మా నక్షత్రాల మీంచి ఎన్ని చెప్పులు పోయాయో. ఒక్కరూ కిందికి చూడలేదు. ఆయనకి అదే తృప్తిగా ఉంది. ఎవరూ తట్టుకుని పడలేదు, ఎవరి కాలూ తడబడలేదు. నాకు మాత్రం ఒక్కరైనా చూడరా అని లోపల పీకుతూనే ఉంది. మేడం దూరం నుంచి మమ్మల్ని చూసి తల ఊపి, తన పనిలో పడిపోయింది. టీ తాగి ఇంటికి పోదామా అని ఆయన అడిగాడు.

అప్పుడు చూశాను. పెద్ద బల్ల చివర ఒక కాలేజీ అమ్మాయి లావుపాటి పుస్తకం ముందేసుకుని, తల వంచి చదువుకుంటోంది. ఒక చెప్పు విప్పేసి ఉంది. కాలి బొటనవేలు నక్షత్రం రేకు అంచు వెంట నెమ్మదిగా పోతోంది. కొసదాకా పోయి, మలుపు తిరిగి, పక్క రేకు మీదికి ఎక్కుతోంది. పేజీ తిప్పింది. వేలు ఆగలేదు. ఆ సంగతి ఆ పిల్లకి తెలిసినట్టే లేదు.

ఆయన కూడా చూశాడని, టీ మాట మళ్ళీ ఎత్తకపోవడంతో తెలిసింది. బెంచీ మీద కాస్త వెనక్కి ఒరిగి, నాకు అడ్డం లేకుండా భుజం పక్కకి జరుపుకున్నాడు. బయట వాన పెద్దదయింది. పోయే తొందర మాకేమీ లేదు. ఎనిమిది రేకులూ చుట్టి వచ్చేదాకా కూర్చున్నాం.